మొదటి పంక్తి

"హోల్డెన్ ఈసారీ రాలేదు," అంది గుమస్తా జీన్, చేతిలో కవరు ఆడిస్తూ.

చిన్నపిల్లల కుర్చీల్లో ముడుచుకుని కూర్చున్న గవర్నర్లు మొహాలు చూసుకున్నారు. బడి మంచిచెడ్డలకు పూచీపడే ఊరి మనుషులు వాళ్లు. జీతం టీ, బిస్కెట్లు.

"ఉత్తరం చదవనా?"

"రాలేనని రాశాడుగా? మొదటి పంక్తి చాలు," అంది అధ్యక్షురాలు హార్‌గ్రీవ్స్. "ఎప్పటిలాగే 'క్షమాపణ అందింది' అని రాసెయ్."

ఇలా రాయడం ఇది మూడోసారి.

ఎర్నెస్ట్ హోల్డెన్ రిటైరైన బస్సు డ్రైవరు. బడిలో అతని పిల్లలూ లేరు, మనవలూ లేరు. గవర్నరు ఎందుకయ్యాడో ఎవరికీ తెలియదు. బడి మూసేస్తామని కౌంటీవాళ్లు, అంటే జిల్లా అధికారులు, నోటీసిచ్చిన రోజు మాత్రం లేచి, "నేనుండగా మూయనివ్వను" అన్నాడు. అర్జీ మీద మొదటి సంతకం పెట్టాడు. హెడ్‌మిస్ట్రెస్ మోయిరా ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ తర్వాత మనిషి జాడ లేదు.

"నమ్మాను," అంది మోయిరా. "నూటపది మంది పిల్లల్ని నట్టేట ముంచాడు."

"మాటలు కోటలు దాటాయి, కాళ్లు గడప దాటలేదు," అన్నాడు తల్లిదండ్రుల తరఫు గవర్నరు నైజెల్.

హార్‌గ్రీవ్స్ నిబంధనల పుస్తకం తిప్పింది.

"ఇవాళ్టికి ఆర్నెల్లు. గైర్హాజరుకు మనం ఒప్పుకోకపోతే పదవి పోయినట్టే. ఒప్పుకోనివాళ్లు చెయ్యెత్తండి."

అందరికంటే ముందు మోయిరా చెయ్యి లేచింది.

"కౌంటీకి ఇప్పుడే తెలియజెయ్, జీన్."

జీన్ చకచకా టైపు చేసి పంపేసింది.

"పీడా పోయింది," అంటూ నైజెల్ బిస్కెట్ అందుకున్నాడు.

ఉత్తరాన్ని ఫైల్లో పెట్టబోతూ, కింది పంక్తులు కంటబడి జీన్ ఆగింది. మొహం పాలిపోయింది. దాన్ని మోయిరా చేతికిచ్చింది.

మోయిరా పైకి చదవసాగింది.

"ఈసారీ రాలేను, క్షమించండి. పోయిన ఉత్తరాల్లో రాసినట్టే, కౌంటీలో విచారణ మన మీటింగు రోజే పడుతోంది. అర్జీలో మొదటి సంతకం నాది కనక పిలుపు నాకే వస్తోంది. బడి తరఫున గవర్నర్లు తప్ప ఎవరూ మాట్లాడకూడదట. మీకు ఉద్యోగాలున్నాయి, నాకేం పని? నేనే వెళ్తున్నాను. ఆఖరి వాదన ఇవాళ ఏడింటికి."

గోడ గడియారంలో ఏడుకు పది నిమిషాలు తక్కువగా ఉంది. ఇక మిగిలింది ఒక్క వాక్యమే. మోయిరా ఉత్తరాన్ని జీన్‌కు తిరిగిచ్చేసింది. జీన్ చదివింది.

"మోయిరాను దిగులుపడొద్దని చెప్పండి, నేను మీ గవర్నరుగా ఉన్నంతసేపూ అక్కడ నా నోరు ఎవరూ మూయించలేరు."