ప్రసారం అయ్యేదాకా

బాత్రూమ్ తలుపు తోసేసరికి అత్తగారు బోర్లించిన బకెట్ మీద కూర్చుని, నోటికి తువ్వాలు అదుముకుని దగ్గు ఆపుకుంటున్నారు.

"పక్కింటికి వెళ్ళారనుకున్నానే అత్తయ్యా!"

"మెల్లిగా! ప్రతి ఆదివారం ఇక్కడే. పోయిన నెల నా దగ్గు వినపడిందని ఎవరో మావాణ్ణి ఎగతాళి చేశారట. నీకు చెబితే వాడితో తగువు పెట్టుకుంటావని..."

ఆదివారం రెండు గంటలు మా ఆయన పడగ్గదిలోంచి నెట్‌లో లైవ్‌లో మాట్లాడతారు. అంతసేపూ ఇంట్లో ఫ్యాన్ తిరగదు, మిక్సీ మోగదు.

గోడ అవతల ఆయన గొంతు ఖంగుమంది. "ఆ పెద్ద కంపెనీ ఏం చేసిందో చూశారా? కోడ్‌కి తాళం వేసుకుంది! సాఫ్ట్‌వేర్ ఎవరైనా విప్పి చూసేలా ఉండాలండీ. తప్పుంటే ఎవరైనా నోరు తెరిచి చెప్పగలగాలి. స్వేచ్ఛంటే అదీ!"

"బాగా చెబుతాడు కదూ," అన్నారావిడ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పడగ్గది తలుపు తీశాను. ఆయన మాట ఆపకుండానే, వెళ్ళమని చెయ్యి ఊపారు.

అత్తగారు నా చేతిలోంచి చెయ్యి విడిపించుకుని చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు జలుబైనా లేదు. అయినా గట్టిగా దగ్గాను.