చల్లగది

"తలుపు తియ్! లోపల ఏం చేస్తున్నావో నాకు తెలియదనుకున్నావా?"

కేకుల కొట్టు యజమానురాలు చల్లగది తలుపును అరచేత్తో బాదింది. వెన్న, పాలు, క్రీము దాచే గది అది. ఆమె వెనకాల, పొయ్యి దగ్గర పనిచేసే బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. కేకుల మీద క్రీముతో పూలు వేసే ఆమె బయటికి తొంగిచూసి, గబుక్కున మూతి తుడుచుకుంది. భారీ మనిషి. ఆ ఇరుకు గుమ్మం ఆమెతోనే నిండిపోయింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది" అన్నాడు బాబాయ్. "పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి."

"జేబులో ఏముందో తీయ్" అంది యజమానురాలు.

నీళ్ల సీసా, అల్లం ముక్క, కాగితంలో చుట్టిన రెండు ఉప్పు బిస్కెట్లు బయటికొచ్చాయి.

"కేకుల కొట్టులో ఉంటూ ఇంటి నుంచి బిస్కెట్లా?"

"కేకు మీద పెట్టాల్సిన పూలు మన చెవిలో పెడుతోందమ్మా" అన్నాడు బాబాయ్.

ఆమె తల దించుకుంది. "తినడానికి కాదక్కా, తిన్నది నిలవక వస్తున్నా. బరువు తగ్గడానికి వారానికో సూది వేసుకుంటున్నా. వెన్న వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేస్తోంది. కొంచెం కొంచెంగా తినమంది డాక్టరమ్మ. గుక్కగుక్కగా నీళ్లు తాగమంది, వాసనలకి దూరంగా ఉండమంది. చలికి ఈ గదిలోనే ఏ వాసనా రాదు."

"అంత అవస్థ ఎందుకు? మానేయ్."

"రోజంతా నిలబడే పని కదక్కా. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. సూది మానేస్తే పనే మానుకోవాలి. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

నవ్వబోతున్న బాబాయ్ దగ్గాడు.

యజమానురాలు వెనక్కి తిరిగింది. "బాబాయ్, నువ్వెళ్లి పొయ్యి చూసుకో. కేకులు మాడాయంటే ఊరుకోను."

అతను వెళ్లగానే యజమానురాలు లోపలికొచ్చి తలుపు మూసింది. పూలు వేసే ఆమె ఏప్రన్ ముడి విప్పుకుంటూ, "సాయంత్రం దాకా ఉండనివ్వండక్కా. పెళ్లి కేకు సగంలో ఉంది" అంది.

యజమానురాలు పాల డబ్బా మీద కూలబడింది. కళ్లు మూసుకుని, చల్లగాలిని గట్టిగా పీల్చింది.

"పొద్దుట్నుంచి ఎప్పుడొచ్చినా ఈ గది ఖాళీ ఉండదే! కాస్త జరుగు. నాకు మొన్ననే సూది డోసు పెంచారు."