పెద్దమ్మకు కొత్త గొంతు

ఈసారి కూడా ప్రాక్టికల్ తప్పితే నత్తను కాలేజీ నుంచి పంపించేస్తారు.

నత్త అసలు పేరు కాదు. నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలు పెట్టిన పేరు. కొత్తగా చేరిన ట్యూటరమ్మకు ఆ పేరు నచ్చలేదు. ఎందుకు పెట్టారో మాత్రం మొదటి పరీక్షలోనే తెలిసింది.

రాత పరీక్షల్లో ఆ పిల్లకు తిరుగులేదు. మందులు, మోతాదులు కొట్టినపిండి. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తీరా ల్యాబులో మంచం దగ్గర నిలబెడితే, ఇంట్లో పులి వీధిలో పిల్లి.

మంచం మీద ఉండేది మనిషి కాదు, రబ్బరు బొమ్మ. పిల్లలు దాన్ని పెద్దమ్మ అంటారు. గది చివర గాజు అద్దం వెనక కూర్చుని ట్యూటరు మీటల పెట్టె నొక్కితే పెద్దమ్మ మాట్లాడుతుంది. ఒక మీటకు "ఇక్కడ నొప్పమ్మా" అంటుంది. ఇంకో మీటకు "కాస్త నీళ్ళియ్యి తల్లీ" అంటుంది. చివరి మీట మరీ విచిత్రం. "నువ్వు తిన్నావా?" అని అడుగుతుంది. రోగి మాటల్లో పడి నర్సు పని మరిచిపోతుందేమో చూడటానికి పెట్టి ఉంటారు. కాస్త బొంగురుగా, చెవి దగ్గరికొచ్చి అన్నట్టుండే గొంతు. ఎవరిదని అడిగితే, బొమ్మతో పాటే వచ్చిందేమో అన్నారు ప్రిన్సిపాల్. ఆవిడా కాలేజీకి కొత్తే.

పరీక్షలో నత్త చేతులు కడుక్కుని మంచం దగ్గరికి వస్తుంది. నొప్పి ఎక్కడని అడుగుతుంది. పెద్దమ్మ చెబుతుంది. నత్త మళ్ళీ అడుగుతుంది. పెద్దమ్మ మళ్ళీ చెబుతుంది. ఇంకొక్కసారి చెప్పండి అంటుంది. ఇంజెక్షన్ ఇస్తే రోగి నిద్రపోవాలి, పరీక్ష ముగియాలి. సిరంజి ట్రేలో ఉండగానే గంట మోగుతుంది.

పరీక్షకు వెళ్ళిందా, పరామర్శకు వెళ్ళిందా అని బయట పిల్లలు నవ్వుకున్నారు.

ఒక రోజు భోజనాల వేళ ట్యూటరమ్మ ల్యాబు ముందు నుంచి వెళుతూ ఆగిపోయింది. మూసిన తలుపు వెనక పెద్దమ్మ మాట్లాడుతోంది.

"నువ్వు తిన్నావా?"

"తిన్నాను," అంది ఒక చిన్న గొంతు.

మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే జవాబు. పట్టపగలు ట్యూటరమ్మకు ఒళ్ళు గగుర్పొడిచింది. తలుపు తోసి చూస్తే, నత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మీటల పెట్టె. పక్కన టిఫిన్ డబ్బా, మూత కూడా తియ్యలేదు.

ట్యూటరమ్మ కేకలు వెయ్యలేదు. పక్కన కూర్చుని, ఆ గొంతంటే భయమా అని మెల్లగా అడిగింది.

"అది వింటే చేతులాడవు మేడమ్," అంది నత్త. ఎందుకని గుచ్చి అడిగితే, మీటల పెట్టె అప్పగించి డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆ గొంతు ట్యూటరమ్మనూ పట్టుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వినబడేది. గిన్నెలు కడుగుతుంటే వినబడేది. భర్త మామూలుగా తిన్నావా అని అడిగితే ఉలిక్కిపడి కంచం జారవిడిచింది. తన భార్యను అంతగా భయపెట్టే ప్రశ్న ఏం వేశానా అని ఆయన తల గోక్కున్నాడు. ఇంత పెద్దదాన్ని, నాకే ఇలా ఉంటే పసిదాని గతేమిటి అనుకుంది ట్యూటరమ్మ. ఆ పిల్ల మీద జాలి ముంచుకొచ్చింది. ఎలాగైనా గట్టెక్కించాలనుకుంది.

బొమ్మ గొంతు మార్చొచ్చా అని ప్రిన్సిపాల్‌ను అడిగితే, పాత గోల తీసి పారెయ్యండి అన్నారు. పరీక్ష ముందు రోజు ట్యూటరమ్మ తలుపులు మూసుకుని, పెద్దమ్మ మాటలన్నీ తన గొంతుతో చెప్పి ఎక్కించింది. చివరి మీటలో ఆ ప్రశ్న పెట్టలేదు. ఈ మందు దేనికి అని అడిగించింది. పాతవి ఉంచాలా, చెరపాలా అని యంత్రం అడిగింది. చెరిపేసింది.

మర్నాడు నత్త చేతులు కడుక్కుని వచ్చింది. నొప్పి ఎక్కడని అడిగింది. పెద్దమ్మ కొత్త గొంతుతో చెప్పింది.

నత్త కదల్లేదు. వంగి బొమ్మ నోటి దగ్గర చెవి పెట్టింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆ కొత్త గొంతే. తలెత్తి అద్దం వైపు చూసింది. అద్దం వెనక నుంచి ట్యూటరమ్మ నవ్వి, కానివ్వు అని చెయ్యూపింది.

అప్పుడు ఆడాయి చేతులు. నాడి చూడటం, మందు తీయడం, సూది దించడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. గంట మోగేసరికి నత్త పెద్దమ్మ దుప్పటి సర్ది, దాని చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ట్యూటరమ్మకు కళ్ళు చెమర్చాయి. చేసిన మేలు కళ్ళెదుట కనబడితే ఎవరికి ఆనందంగా ఉండదు?

నత్త బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. సంతోషం పట్టలేక ఏడుస్తోంది, ఏడవనీ అనుకుంది ట్యూటరమ్మ.

సాయంత్రం ఆ పిల్ల తండ్రి వచ్చాడు. టైలరు. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. అడగకముందే ట్యూటరమ్మ శుభవార్త చెప్పింది. అమ్మాయి పాసైందని, ఇక ఆస్పత్రి వార్డులకు వెళుతుందని, ఈ ల్యాబుతో పని లేదని చెప్పింది. అతను చేతులు జోడించాడు. జోడించిన చేతులు దించకుండా ల్యాబు తలుపు వైపు మొహమాటంగా చూశాడు.

"పాసైతే మిమ్మల్నడిగి నన్ను కూడా లోపలికి తీసుకెళ్తానంది మేడమ్, ఇక్కడ ఆయాగా చేస్తూ చనిపోయిన మా ఆవిడ గొంతు ఆ బొమ్మలో ఉందట, ఒక్కసారి వినిపిస్తారా?"