గిజిగాడి హామీ

ఏటి అవతలుండే గిజిగాడి దగ్గర ఉడుతమ్మ ఒక గూడు కొనుక్కుంది. వానాకాలం వెళ్ళేదాకా చిరగదని అతను హామీ ఇచ్చాడు. తొలివానకే గూటి అడుగు ఊడి, పిల్ల జారిపడబోయింది.

ఏరు దాటించే తాబేలుకు దోసెడు నేరేడుపళ్ళు కూలి ఇచ్చి, ఉడుతమ్మ గూడును వెనక్కి తీసుకెళ్ళింది.

"కొత్తది ఊరికే ఇస్తాను. తాబేలు కూలితో మాత్రం నాకు సంబంధం లేదు," అన్నాడు గిజిగాడు.

"తప్పు నీ అల్లికలో ఉంటే కూలి నేనెందుకు పెట్టుకోవాలి?"

"అందరూ పెట్టుకుంటున్నారమ్మా."

అందరూ అంటే ఎందరి గూళ్ళు చిరిగాయోనని ఉడుతమ్మకు అనుమానం వచ్చింది. కొత్త గూటి అడుగు తడిమి చూసింది.

"పోనీ, ఇది చిరిగితేనైనా కూలి నువ్వు పెట్టుకుంటావా?"

గిజిగాడు తల తిప్పుకుని గడ్డిపరకలు ఏరసాగాడు.

ఉడుతమ్మ ఆ గూడును అక్కడే వదిలేసి, ఉత్త చేతులతో తాబేలు వీపెక్కింది. పిల్లకు చెట్టుతొర్రే నయమనుకుంది.