బంగారు అంచు

మూడోసారి స్విచ్ నొక్కినా స్క్రీన్ నల్లగానే ఉంది. పుంగనూరులో పాత సామాన్లతో గేమింగ్ కంప్యూటర్ బిగిస్తున్న మాధవీలత, గ్రాఫిక్స్ కార్డు అమ్మిన కుప్పం లక్ష్మీపతికి వీడియో కాల్ చేసింది.

"సచ్చిన కార్డు అంటగట్టినావు. స్టేషన్లో కంప్లైంట్ ఇస్తా!"

"నిన్నటిదాకా మా ఇంట్లో పనిచేసింది మేడం. ఊడదీసి, స్లాటులో దూరే ఆ బంగారు అంచు సూపీండి."

తీసి చూపింది. అంచు పొడవునా ఎండిన పసుపు, దాని మీద కుంకుమ బొట్లు.

"ఒకరు వాడిన సామాను గదా, దిష్టి పోవాలని నేనే పెట్టినా," మాధవీలత వెనక నుంచి ఆమె తల్లి రత్నమ్మ గొణిగింది.

మాధవీలత రబ్బరుతో రుద్ది, కార్డు మళ్లీ బిగించింది. స్క్రీన్ వెలిగింది.

"తప్పయిపోయింది అన్నా."

"పోనీలేమ్మా. కార్డు ఫ్యాను మీద ఇంకో బొట్టుంటాది, మాయమ్మ పెట్టింది. దాన్ని మాత్రం తుడ్సొద్దు."