బూడిద దొర మళ్ళీ వస్తున్నాడు

అట్ట బొమ్మ మీద సిరా ఇంకా ఆరలేదు.

"బాబూ, వీణ్ణి మళ్ళీ బతికించకండి," అన్నాడు పెద్దాయన, బల్లకి అవతల నిలబడి.

చిన్నబాబు తలెత్తాడు. నలభై దాటినా ప్రెస్సులో అందరికీ అతను చిన్నబాబే. తండ్రి పోయాక బొమ్మల పత్రికకి తనే సంపాదకుడు, తనే యజమాని. పత్రిక కొన ఊపిరితో ఉంది. అందుకే తండ్రి గీసిన పాత కథని పైకి తీశాడు.

అందులో గడియారం మామ గోడగడియారంలో దూరి కాలాల్లో తిరుగుతాడు. ఏ కాలానికి వెళ్ళినా ఆలస్యంగానే చేరతాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేది అక్కడే. మామకో శత్రువు. చచ్చిన గ్రహం నుంచి వచ్చిన బూడిద దొర. సగం ముఖం మనిషిది, సగం బూడిద. ముప్ఫై ఏళ్ళ కిందట మామ అతణ్ణి గడియారంలో పెట్టి తాళం వేశాడు.

ఈ సంచికలో ఆ తాళం ఊడుతుంది.

"వాడొస్తే మీకేమిటండీ బాధ?" అన్నాడు చిన్నబాబు.

పెద్దాయన ముఖానికి చుట్టిన మఫ్లరు విప్పాడు.

పక్క బల్ల దగ్గర పత్రికకి బొమ్మలు వేస్తున్న బొమ్మలమ్మాయి చేతిలో కుంచె ఆగిపోయింది. ఎడమ కన్ను కిందికి జారిన తీరు, చెవి ఉండాల్సిన చోటు, పెదవి చివర ముడత. ఆమె కొన్ని వారాలుగా గీస్తున్న ముఖమే.

"అచ్చు గుద్దినట్టున్నారే!" అన్నాడు చిన్నబాబు. "విడుదల రోజు వచ్చి నిలబడతారా? జనం విరగబడతారు."

ఆ ముఖానికి ఏమైందని ఎవరూ అడగలేదు.

"నావల్ల కాదు బాబూ. మనవరాలు ఈ ఏడే బళ్ళో చేరింది. దాని అమ్మా నాన్నా లేరు. దింపాలన్నా నేనే, తేవాలన్నా నేనే. ఇప్పటి పిల్లలకి ఈ దొరెవరో తెలీదు. నన్ను చూసి కాస్త జడుసుకుంటారు, మళ్ళీ ఆటలో పడిపోతారు. మీ పోస్టరు బడి గోడ మీద పడిందంటే..."

"పడితే?"

"అప్పట్లో రాళ్ళేసేవాళ్ళు. పిల్లలే కదా. గడియారం మామ తరఫున."

"ముఖం మార్చేస్తాను సార్," అంది బొమ్మలమ్మాయి. "ఒక్క పూట చాలు."

"నువ్వూరుకోమ్మా. పాతవాళ్ళంతా కొనేది ఆ ముఖం కోసమే." చిన్నబాబు పెద్దాయన వైపు తిరిగాడు. "మా నాన్న మీ ముఖం ఎత్తేశారనుకుంటున్నారేమో. అది నా కలలోదండీ. చిన్నప్పుడు కళ్ళు మూస్తే చాలు, ఆ ముఖం నా మీదికి వంగేది. కేకలు పెట్టి లేచేవాణ్ణి. నేను చెబుతుంటే నాన్న గీశారు. వారం వారం మామ చేత తన్నించారు. అప్పుడు గానీ నాకు నిద్ర పట్టలేదు. ఎవరడిగినా ఇదే చెబుతాను."

"తెలుసు బాబూ."

"తెలిస్తే ఇంకేం?"

పెద్దాయన కిటికీలోంచి పెరట్లో గోదాము వైపు చూశాడు. దాని దూలాలకి ఇప్పటికీ మసి ఉంది. ఎప్పుడో అంటుకుందని చిన్నబాబు విన్నాడు, అంతే.

"అందులో ఇప్పుడేం పెడుతున్నారు?"

"కాగితం."

"అప్పుడూ కాగితమే."

మఫ్లరు మళ్ళీ చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ కలలు ఇంకా వస్తున్నాయా బాబూ?"

"లేదు. ఎప్పుడో పోయాయి."

"అయితే మంచిదే."

ఆయన వెళ్ళాక "పిచ్చిమాలోకం" అని నవ్వాడు చిన్నబాబు. బొమ్మలమ్మాయి నవ్వలేదు.

సంచిక బజారులో నిలవలేదు. మళ్ళీ అచ్చు వేశారు. బడి గోడ మీద పోస్టరు పడింది.

ఒకరోజు బొమ్మలమ్మాయి ఆలస్యంగా వచ్చింది. కూర్చోలేదు.

"ఆ పెద్దాయన పోయారు సార్."

"ఎలా?"

"నిన్న బడి వదిలే వేళ పిల్లలు మఫ్లరు లాగేశారట. 'దొరా, గడియారంలోకి దూరు' అంటూ మీద మీదికి వచ్చారట. ఆయన ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచారు. వెనక రోడ్డు సార్. లారీ."

"పాప?"

"గేటు దగ్గరే నిలబడిపోయింది, మఫ్లరు పట్టుకుని. పక్కింటావిడ వచ్చి తీసుకెళ్ళింది."

చిన్నబాబు బల్ల మీది కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ హాల్లో ఉంది. చెల్లెలి ఇంటి నుంచి ఆ రోజే వచ్చింది. కొత్త సంచిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన్ని అడిగే వేశావా ఇది?"

"ఎవర్నమ్మా?"

"ఇంకెవర్ని, ఈ ముఖం గలాయన్ని. మన ప్రెస్సులో బైండరు. మీ నాన్న మొదటి బొమ్మ గీసి ఆయన చేతిలో పెట్టి ఏడ్చారు. అచ్చు వెయ్యనన్నారు. ఆయనే వెయ్యమన్నాడు. 'పసివాడు నిద్రపోతే చాలు, నన్నెన్ని తన్నులైనా తన్నించండి' అన్నాడు."

చిన్నబాబు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకు బుద్ధి తెలిశాక చెబుదామనుకున్నారు మీ నాన్న. చెప్పకుండానే పోయారు. నేనూ ఈ రోజూ రేపూ అంటూ నెట్టుకొచ్చాను. రేపు నన్నోసారి ఆయన దగ్గరికి తీసుకెళ్ళరా."

"ఏం చెబుదామనుకున్నారు?"

అమ్మ అట్ట మీది బూడిద చెంపని అరచేత్తో నిమిరింది.

"గోదాము అంటుకున్న రోజు నువ్వు కాగితం కట్టల మధ్య నిద్రపోతున్నావు. ఆయన కాలుతున్న ముఖంతో నీ మీదికి వంగాడురా, నిన్ను ఎత్తుకోవడానికి."