సారు చూపిన దారి

"ఎటెల్దామంటావు సారూ?" గాసి తాత అడిగాడు.

ఫల్గుణ తూర్పు గట్టు వైపు చెయ్యి చూపాడు. "అటే తాతా. కెమెరాల్లో అటే కనబడ్డాయి."

అబద్ధం. ఫల్గుణ విశాఖపట్నంలో జువాలజీ లెక్చరరు. సొంతూరి అడవిలోనే చెట్లకు కెమెరాలు కట్టి మూషిక జింకల మీద పీహెచ్‌డీ చేశాడు. కుందేలంత ఉండే జింకలు. నిన్న వచ్చి ఆ కెమెరాలు చూస్తే, అవన్నీ పడమటి గెడ్డ వాగు నీళ్ల దగ్గరే తిరుగుతున్నాయి. ఒకదాని వెనక పిల్ల కూడా ఉంది.

చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకు వెళ్లాల్సిందే. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లో కాపు కాసి పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఉద్యోగంలో చేరిన ఏడాది ఫల్గుణ వేట మానమని బతిమాలాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత అడగడం మానేసి, దారి తప్పించడం మొదలుపెట్టాడు. అందుకే ప్రతి పండక్కీ సెలవు పెట్టి వస్తాడు. పండక్కి తప్ప రాడు.

తెలిస్తే ఊరు మళ్లీ రానివ్వదని భయం.

ఇప్పటికే ఊరు సగం దూరమైంది. చిన్నప్పుడు "ఒరే గుంటడా" అని చెవి మెలిపెట్టిన గాసి తాత కూడా సారూ అంటున్నాడు. కాలేజీలోనేమో అతను ఏజెన్సీవాడు. సీసాల్లో పాములున్న ల్యాబులో ఒక్కడే కూర్చుని క్యారేజీ విప్పుకుంటాడు.

గట్టు ఎక్కుతుంటే పొద కదిలింది. మూషిక జింక! ఇటెందుకు వచ్చిందో!

ఫల్గుణ దాని మీంచి కళ్లు తిప్పలేకపోయాడు. వెనక నుంచి గాసి తాత బాణం వదిలాడు. టప్‌మని చప్పుడైంది. జింక ఒక్క గెంతు గెంతి మాయమైంది.

ఫల్గుణ ఆకులన్నీ తిరగేశాడు. ఎక్కడా నెత్తురు చుక్క లేదు. ఈలోగా వేటకొచ్చినవాళ్లలో ఒకడైన బుధు బాణం ఏరి తాత బాణాల గొట్టంలో పడేశాడు.

"చెయ్యి ఒణికింది సారూ. ముసిలోణ్ణయిపోనాను," అన్నాడు తాత.

"తిండికాడ మాత్రం గుంటడివే," అన్నాడు బుధు. అందరూ నవ్వారు. ఫల్గుణకి నవ్వు రాలేదు.

సాయంత్రం ఊరి మొదట్లో ఆడవాళ్లందరికీ ముందు ఈశ్వరమ్మ కుండతో సిద్ధంగా ఉంది.

"ఓలమ్మా, వచ్చేసినారే మగోళ్లు! ఉడతైనా దొరకనేదేటి? రేపట్నించి అంబలి మీరే కాసుకోండి!"

పేడనీళ్లు దభాలున పడ్డాయి. బుధు కళ్లు మూసుకున్నాడు. తాత తల మీంచి ధారలు కారుతున్నాయి.

"సారు మీద పడనీకండే! సదువుకున్నోడు," అరిచింది ఈశ్వరమ్మ.

ఒక్క చుక్క పడలేదు. అందరిలో తడవనివాడు అతనొక్కడే. ఒక్క చెంబుడైనా తన మీద పోస్తే బాగుండుననిపించింది.

మగవాళ్లు విల్లులూ, బాణాలున్న వెదురు గొట్టాలూ బండ మీద పడేసి ఊరి గెడ్డలోకి దిగారు.

"వచ్చే ఏడు బేగొచ్చీ సారూ," నీళ్లలోంచి కేక వేశాడు తాత. "నువ్వు దారి సూపకపోతే మాకు యాటే నేదు."

"వస్తాను తాతా."

గొట్టాల్లోనూ పేడనీళ్లు నిండాయి. అవైనా శుభ్రం చేద్దామని ఫల్గుణ ఒక్కొక్కటే బోర్లించాడు.

బండ మీద పరుచుకున్న బాణాల్లో ఏ ఒక్కదానికీ ఇనుప మొన లేదు.